శాలువా కప్పేశాక ఏం చేయాలి? మానేసిన మ్యూజియం వాలంటీర్లతో సంబంధం తెగకుండా చూసుకోవడం ఎలా

మన దగ్గర ఎవరినైనా గౌరవించాలంటే ఒక పద్ధతి స్థిరపడిపోయింది. శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఒక గ్రూప్ ఫోటో, తర్వాత టిఫిన్. మ్యూజియంలో పదిహేనేళ్లు పైసా తీసుకోకుండా పనిచేసి, మోకాళ్లు సహకరించక మానేసిన పెద్దాయనకైనా పెద్దావిడకైనా ఇదే జరుగుతుంది, ఆ సాయంత్రం తర్వాత మాత్రం మ్యూజియం నుంచి వాళ్లకు ఒక్క ఫోన్ కూడా వెళ్లదు. ఎవరూ కావాలని చేసేది కాదు ఇది. క్యూరేటర్‌కి బదిలీ అవుతుంది, నంబర్లన్నీ ఆయన సొంత మొబైల్‌తో పాటే వెళ్లిపోతాయి, కొత్తగా వచ్చినాయనకి ఆ పేర్లే తెలియవు.

చిన్న మ్యూజియంలలో వాలంటీర్ల వ్యవహారం చూసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: మానేసిన వాలంటీర్‌కి సన్మానం కన్నా ఎక్కువ సంతోషం కలిగించేది, మీరు ఫోన్ చేసి "మాస్టారూ, ఈ సంగతి మీకే తెలుసు, కాస్త చెప్పరా" అని అడగడం. కింద చెప్పేవన్నీ, మూడేళ్ల తర్వాత కూడా అలా మొహమాటం లేకుండా అడగగలిగేలా మీరు ఉండటానికే.

ఎందుకంటే మన మ్యూజియంలకు ఊరికే వచ్చి పనిచేసేవాళ్లు ఎక్కువమంది అప్పటికే ఒకసారి రిటైరైనవాళ్లు. తెలుగు పండితులు, హిస్టరీ లెక్చరర్లు, బ్యాంకులోనో పోస్టాఫీసులోనో చేసినవాళ్లు, పిల్లలు విదేశాలకు వెళ్లాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేని ఆడవాళ్లు. మొదటి రిటైర్మెంట్‌కి పెన్షన్ వచ్చింది, ఈ రెండో దానికి ఏమీ రాదు, ఆ నలుగురు మనుషులూ ఆ గదులూ తప్ప. అవి కూడా పోతే ఇక ఇల్లే.

మ్యూజియంకి జరిగే నష్టం కూడా చిన్నది కాదు. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం దగ్గరికి ఎన్ని నిమిషాల ముందు పిల్లల్ని తీసుకెళ్లి కూర్చోబెడితే లోపలి నుంచి బొమ్మ బయటికి రావడం వెనక వరుసకి కూడా కనపడుతుంది? అమరావతిలో ఒక తొమ్మిదో తరగతి పిల్ల "మరి మిగతా శిల్పాలు ఏవి?" అని అడిగితే అవి చెన్నై, లండన్ మ్యూజియంలకు చేరిన రెండు కథలూ ఎలా క్లుప్తంగా చెప్పాలి? విజయవాడ బాపు మ్యూజియంలో 1921 నాటి కాంగ్రెస్ సమావేశం, పింగళి వెంకయ్య గారి జెండా దగ్గర ఎంతవరకు చెప్పి ఆపితే పిల్లలు దిక్కులు చూడకుండా ఉంటారు? ఇవి బోర్డుల మీద ఉండవు. ఏళ్ల తరబడి జనంతో మాట్లాడిన మనిషికే తెలుస్తాయి.

ముందు ఒక పట్టిక

అన్నిటికన్నా విసుగు పుట్టించే పని ఇదే, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఒక రిజిస్టర్ కానీ ఎక్సెల్ షీట్ కానీ, ఏదైనా సరే, అది ఆఫీసుది అయి ఉండాలి, ఒకరి ఫోన్‌లో ఉండకూడదు. పేరు, ఏ సంవత్సరంలో చేరారు, ఏ గ్యాలరీ చూసేవారు, ఏ భాషల్లో చెప్పగలరు, ఫోన్ నంబర్, ఇంటి చిరునామా. ఇవి అందరూ రాసుకుంటారు. అసలు పనికొచ్చేవి వేరే ఉన్నాయి: ఆవిడకి వాట్సాప్ వచ్చా, లేక ల్యాండ్‌లైనేనా? ఏ చెవి బాగా వినిపిస్తుంది? మెట్లు ఎక్కగలరా? రావాలంటే ఎవరు తీసుకొస్తారు? మధ్యాహ్నం పడుకునే టైమెప్పుడు? ఆమెను అక్కడ అందరూ ఏమని పిలిచేవారు, "టీచరు గారూ" అనా, "అమ్మా" అనా? కొత్త క్యూరేటర్ ఫోన్ చేసి "హలో మేడమ్" అన్నాడంటే ఆవిడకి ఆ ఒక్క మాటతోనే అర్థమైపోతుంది, తను ఎవరో వీళ్లకి తెలియదని.

కొడుకుదో కూతురిదో నంబర్ కూడా తీసుకోండి, కానీ అడిగి తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, "మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం, వీటికోసం మాత్రమే ఫోన్ చేస్తాం, వద్దంటే తీసేస్తాం" అని చెప్పి సంతకం తీసుకోవడం మర్యాద. ఇంకో గడి తప్పకుండా పెట్టండి: "వీళ్లకి ఏం కావాలి". కొందరికి ప్రతి కార్యక్రమానికీ పిలుపు కావాలి, కొందరికి ఏడాదికి ఒక ఉత్తరం చాలు, కొందరు నిజంగానే ఇక చాలు బాబూ అంటారు, వాళ్లని వదిలేయడమే గౌరవం.

బదిలీ మీద వెళ్లేటప్పుడు స్టాక్ రిజిస్టర్ అప్పగించినట్టే ఈ పట్టిక కూడా సంతకం పెట్టి అప్పగించాలి. ఈ ఒక్క అలవాటు పెడితే సగం సమస్య పోతుంది.

వెళ్లేముందు కూర్చోబెట్టి మాట్లాడండి

మానేస్తున్నామని చెప్పిన రోజే సన్మానం తేదీ గురించి ఆలోచిస్తాం. దానికన్నా ముందు ఒక పూట కేటాయించి వాళ్లతో మాట్లాడి రికార్డు చేయండి. పెద్ద కెమెరా అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. కానీ సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టొద్దు, ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. మే నెలలో ఫ్యాన్ ఆపమనడం దారుణం కాబట్టి ఈ పని చలికాలంలో పెట్టుకోండి, లేదా ఏసీ ఉన్న గది చూసుకోండి. చొక్కాకి తగిలించే చిన్న మైకు దొరుకుతుంది, కొనండి, ఖర్చు పెద్దదేం కాదు.

"మీ అనుభవాలు చెప్పండి" అని అడిగితే ఏమీ రాదు. ఎవరికైనా రాదు. "నాకేముందమ్మా, అంతా దేవుడి దయ" అంటారు, రికార్డింగ్ అక్కడితో అయిపోతుంది. పాత ఫోటోలు ముందు పెట్టండి, ముఖ్యంగా గ్యాలరీ రూపం మారకముందు తీసినవి. "ఈ విగ్రహం అప్పుడు ఇక్కడ ఉండేదా? ఎందుకు జరిపారు?" అని అడగండి. జనం ఎక్కువగా అడిగే ప్రశ్న ఏది, పిల్లలు దేని ముందు ఆగిపోతారు, ఏది చూసి నవ్వుతారు, ఏ శాసనం మీద ఏ వేళ వెలుతురు పడితే అక్షరాలు తేలిపోకుండా కనపడతాయి, ఎవరైనా సందర్శకుడు చెప్పిన విషయం వల్ల మన బోర్డులో తప్పు బయటపడిందా. ఇంకా కుదిరితే గ్యాలరీలోనే నడుస్తూ, వాళ్లు మామూలుగా చెప్పే టూర్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చెప్పించుకుని వీడియో తీయండి. కూర్చుని గుర్తు చేసుకునేదానికీ, ఆ వస్తువు ముందు నిలబడగానే నోట్లోంచి వచ్చేదానికీ చాలా తేడా ఉంటుంది.

ఒక గంట దాటొద్దు. పెద్దవాళ్లు అలిసిపోయినా పైకి చెప్పరు. ఫైలుకి పేరు, తేదీ, గ్యాలరీ పేరు పెట్టి రెండు చోట్ల దాచండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వాళ్ల ఇంటికి పంపండి. ఇంట్లోవాళ్లకి చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది, నాన్నగారు ప్రతి శనివారం ఎక్కడికెళ్లి ఏం చేసేవారో.

సన్మానం చేస్తే ఇలా చేయండి

శాలువా వద్దని నేననడం లేదు. మన సంప్రదాయం, ఉండనివ్వండి. కానీ ఆ సభ ఎవరి కోసం? ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి నలభై నిమిషాలు ప్రసంగించి, అసలు మనిషికి "రెండు ముక్కలు చెప్పండి సార్, టైమ్ లేదు" అనే సభలు మనం చాలా చూశాం. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో అంతసేపు కూర్చోబెట్టడం గౌరవం కాదు. ముఖ్య అతిథి లేకుండానే చేయండి. వాళ్లు పనిచేసిన గ్యాలరీలోనే, పాత సహచరులు, గార్డులు, స్వీపర్లు, టికెట్ కౌంటర్‌లో అమ్మాయి, అందరూ ఉండేలా, మ్యూజియం మూసిన తర్వాత ఒక గంట. మైకు వాళ్ల చేతికివ్వండి, వాళ్ల చివరి టూర్ వాళ్ల మనవళ్లకి చెప్పనివ్వండి.

ఇచ్చే కాగితం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ప్రశంసాపత్రాలన్నిట్లో ఒకటే వాక్యం ఉంటుంది: "మీ నిస్వార్థ సేవలు చిరస్మరణీయం." పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ చెందదు. దాని బదులు ఇలాంటిది రాయండి: "శాసనాల గదికి మరమ్మతులు జరిగినన్ని నెలలూ, వచ్చిన బడిపిల్లలు ఊరికే వెనక్కి పోకూడదని మీరు వరండాలో నల్లబల్ల పెట్టి వాళ్ల పేర్లు బ్రాహ్మీ లిపిలో రాయడం నేర్పించారు. ఆ పిల్లల్లో కొందరు ఇప్పటికీ వచ్చి మిమ్మల్ని అడుగుతున్నారు." నిజంగా జరిగినదే రాయాలి, జరిగిందేమిటో తెలియకపోతే గార్డుని అడగండి, ఆయనకి అన్నీ తెలుసు. ఇంటిపేరు, ఇనీషియల్, తెలుగులో వాళ్లు ఎలా రాసుకుంటారో ముందే అడిగి సరిచూసుకోండి. పేరులో అచ్చుతప్పు ఉన్న ఫ్రేమ్ గోడకి తగిలించుకోవాలో వద్దో తెలియక వాళ్లు పడే అవస్థ వాళ్లకే తెలుసు.

జీవితకాల ఉచిత ప్రవేశం కార్డు ఇవ్వండి. టికెట్ డబ్బులు పెద్ద లెక్క కాదు, కానీ ఇన్నాళ్లూ తన ఇల్లులా తిరిగిన చోట క్యూలో నిలబడి టికెట్ కొనాల్సి రావడం మనసుకి తగులుతుంది. ప్రభుత్వ మ్యూజియం అయితే డైరెక్టర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, నోటిమాట మీద నడిపితే ఆడిట్‌లో గొడవ, పై అధికారి మారగానే ఆగిపోతుంది కూడా. కార్డు ఇచ్చి ఊరుకోకుండా గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకి చూపించి చెప్పండి, ఏజెన్సీ మారినప్పుడల్లా మళ్లీ చెప్పండి. కార్డు ఉండీ గేటు దగ్గర ఆపితే, కార్డు లేనిదే నయం. తీసుకొచ్చే మనిషికి కూడా అదే కార్డు మీద ప్రవేశం ఉండాలి, లేకపోతే ఆ కార్డు అలమరలోనే ఉండిపోతుంది.

అమెరికాలో చాలా మ్యూజియంలు మానేసిన గైడ్ వాలంటీర్లకు (అక్కడ వాళ్లని డోసెంట్లు అంటారు) డోసెంట్ ఎమెరిటస్ అని ఒక హోదా ఇస్తాయి. డ్యూటీ ఉండదు, కానీ లెక్చర్లకి, కొత్త ప్రదర్శనల ముందస్తు చూపులకి పిలుపు ఉంటుంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో ఇలా పనిచేసినవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే అడిగి చూడండి, ఎలా నడుస్తుందో చెబుతారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ కూడా అక్కడిదే: 2021 సెప్టెంబరులో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చికాగో, 1961 నుంచి నడుస్తున్న తన డోసెంట్ల కార్యక్రమాన్ని ఒక లేఖతో ముగించి, వాళ్లకి రెండేళ్ల ఉచిత ప్రవేశం ఇస్తామంది. జీతమిచ్చి ఎడ్యుకేటర్లను పెట్టుకోవాలన్న వాళ్ల ఉద్దేశంలో తప్పుందా లేదా అన్నది వేరే చర్చ. కానీ జనం మాట్లాడుకున్నదంతా ఆ చెప్పిన తీరు గురించే. ముందు మనిషికి ఎదురుగా చెప్పాలి, కాగితం తర్వాత.

ఫోన్, వాట్సాప్, ఉత్తరం

వాట్సాప్ గ్రూపు పెట్టేస్తే పనైపోతుందని చాలామంది అనుకుంటారు. గ్రూపు పెట్టండి, కానీ రెండు వారాల్లో అది గుడ్ మార్నింగ్ పువ్వులతో, ఆరోగ్య చిట్కాలతో, ఎన్నికల టైమైతే వాదనలతో నిండిపోతుంది, మీరు పెట్టిన ఆహ్వానం ఎక్కడో పైన పడి ఉంటుంది. అందుకే మ్యూజియం కబుర్లకి విడిగా బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టండి, నెలకి ఒకటో రెండో సందేశాలు, పెద్ద అక్షరాలతో లేదా మీ గొంతుతో చిన్న వాయిస్ మెసేజ్. చూపు తగ్గినవాళ్లకి వాయిస్ మెసేజ్ ఎంత హాయో చెప్పలేను. ఒక చిక్కుంది, మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ వెళ్తుంది, కాబట్టి సెండాఫ్ రోజే వాళ్ల ఫోన్ తీసుకుని మ్యూజియం పేరుతో మీరే సేవ్ చేసి పెట్టండి. కబుర్ల గ్రూపుని వాళ్లకే వదిలేయండి, వాళ్లలో ఒకరినే అడ్మిన్ చేయండి.

ఫోన్ అయితే మూడు నెలలకొకసారి చాలు, కానీ పని లేకుండా చేయొద్దు. "ఊరికే చేశాను" అంటే మొదటిసారి సంతోషిస్తారు, రెండోసారికి ఇద్దరికీ మాటలు ఉండవు. "మీ గ్యాలరీలో లైట్లు మార్చాం, యాళి (ఆ సింహం లాంటి శిల్పం) కళ్లు ఇప్పుడు కనపడుతున్నాయి" అని చెప్పండి, ఇక వాళ్లే మాట్లాడతారు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లినవాళ్లకి మన పొద్దున ఏడింటికి చేస్తే డాలస్‌లో ముందురోజు రాత్రి, కాలాన్ని బట్టి, ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది, భోజనాలు అయ్యే వేళ. అక్కడ పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లకి మీ ఫోన్ విలువ ఇంకా ఎక్కువ.

పోస్టులో ఉత్తరం కూడా ఇంకా పనిచేస్తుంది, ముఖ్యంగా ఆ తరానికి. మీ మ్యూజియంలోని ఒక వస్తువు ఫోటోతో కార్డు అచ్చు వేయించి, ఉగాదికి చేత్తో నాలుగు వాక్యాలు రాసి పంపండి.

క్యాలెండర్ విషయానికొస్తే, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం అందరికీ గుర్తుంటుంది, కానీ మన ఎండల్లో ఆ రోజు పదకొండింటికి పెద్దవాళ్లని రమ్మనడం ప్రమాదం. సాయంత్రం పెట్టండి, లేదా ఆ రోజు ఫోన్ చేసి ఊరుకోండి. వేసవిలో ఒక లాభం ఉంది, మనవలు వచ్చి ఉంటారు, "పిల్లల్ని తీసుకురండి, పొద్దున్నే తలుపులు తీసి పెడతాం" అంటే తప్పకుండా వస్తారు. పెద్ద కలయికకి నవంబర్ 19 నుంచి 25 వరకు వచ్చే వారసత్వ వారోత్సవాలు బాగుంటాయి, చల్లగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో చేసి రిటైరైనవాళ్లకి నవంబరే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల, బ్యాంకు చుట్టూ తిరుగుతుంటారు, కాబట్టి తేదీ ముందే చెప్పండి. డిసెంబర్ 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం, అది కూడా అనువైనదే. నాగార్జునకొండలాగా లాంచీ ఎక్కి వెళ్లాల్సిన చోటైతే పిలవడం కన్నా ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని గ్యాలరీలో తిరుగుతూ వీడియో కాల్‌లో చూపించడం మేలు.

చిన్న పని అడగండి

అడిగే పని చిన్నదై ఉండాలి, దానికొక ముగింపు ఉండాలి. వాళ్లు మానేసింది ఓపిక లేకే కదా. పాత ఫోటోలో ఉన్న మనుషుల్ని గుర్తుపట్టడం, కొత్త బోర్డు మీద తెలుగు సరిచూడటం, కొత్త వాలంటీర్ల శిక్షణలో ఒక అరగంట, పరిశోధన చేసే విద్యార్థితో ఒక ఫోన్. హైదరాబాద్‌లో ఉర్దూ, ఫార్సీ చదవగలిగిన పెద్దవాళ్లు ఉంటే అడగాల్సినవి ఇంకెన్నో ఉంటాయి. బోర్డుల మీద తెలుగు గురించి మాత్రం నొక్కి చెబుతాను, మన మ్యూజియంలలో కొన్ని బోర్డులు చదివితే ఏ భాషలోంచి ఊడిపడ్డాయో తెలియదు, రిటైరైన ఒక తెలుగు మాస్టారికి చూపిస్తే సాయంత్రానికల్లా బాగుపడతాయి. ప్రింటవుట్ పెద్ద అక్షరాల్లో తీసి ఇంటికి పంపండి, ఆటో ఖర్చు, జిరాక్స్ ఖర్చు వాళ్ల మీద పడనివ్వొద్దు. పని అయ్యాక దాని ఫలితం చూపించండి. బోర్డు ఫోటో తీసి పంపండి, కేటలాగ్ వేస్తే కృతజ్ఞతల్లో పేరు వేయండి.

ఇబ్బంది పెట్టే సందర్భాలు

ఒకాయన మానేశాక కూడా రోజూ వస్తారు, కొత్త అమ్మాయి టూర్ చెబుతుంటే మధ్యలో "అలా కాదమ్మా" అని అందుకుంటారు. ఆయన చెప్పింది కరెక్టే అయి ఉండొచ్చు, అయినా ఆ అమ్మాయి మళ్లీ రాదు. ఆయన్ని పక్కకి పిలిచి, చెప్పాలనిపించినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయమని, వారానికోసారి ఆ అమ్మాయితో కూర్చోమని చెప్పండి. నోట్‌బుక్ నిజంగా చదవండి, లేకపోతే ఆయనకి తెలిసిపోతుంది.

మతిమరుపు మొదలైనవాళ్లతో కొత్త విషయాలు కాకుండా పాత వస్తువుల ఫోటోలు చూపిస్తూ మాట్లాడండి, "గుర్తుందా?" అని పరీక్ష పెట్టొద్దు. ఆస్పత్రిలో ఉన్నారంటే మీరొక్కరే వెళ్లండి, అయిదు నిమిషాలు ఉండి రండి. చనిపోయినట్టు తెలిస్తే వెంటనే పట్టికలో రాసి అన్ని లిస్టుల్లోంచి తీసేయండి, పోయిన మనిషికి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్లడం ఇంట్లోవాళ్లు ఎన్నటికీ మర్చిపోరు. పెద్దకర్మకి మ్యూజియం తరఫున ఒకరు వెళ్లాలి, రికార్డు చేసిన వీడియో ఉంటే అప్పుడు గుర్తుచేసి మళ్లీ ఇవ్వాలి. ఆ సమయంలో కొందరు ఆయన పుస్తకాలు, నోట్సు అన్నీ తీసుకుపొమ్మంటారు. దుఃఖంలో ఇచ్చినవి అప్పటికప్పుడు మోసుకురాకండి. ఒక నెల ఆగి, జాబితా రాసి, రసీదు ఇచ్చి, ఏవి ఉంచుకోగలరో ఏవి ఉంచుకోలేరో చెప్పి తీసుకోండి.

ఇప్పటికే సంబంధం తెగిపోయి ఉంటే

చాలా మ్యూజియంలు ఉన్నది ఈ స్థితిలోనే. పాత హాజరు పుస్తకాలు, విజిటర్స్ బుక్కుల్లో "ఫలానా మాస్టారు చాలా బాగా చెప్పారు" అని రాసిన పేజీలు, వారోత్సవాల ఫోటోల వెనక రాసిన పేర్లు, వీటితో మొదలుపెట్టండి. ఎక్కువ కాలం పనిచేసిన గార్డుని, ఎదురుగా టీ కొట్టాయన్ని అడగండి. ఒక్కరు దొరికితే మిగతావాళ్ల నంబర్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. అందరికన్నా పెద్ద వయసువాళ్లకి ముందు చేయండి, కారణం చెప్పక్కర్లేదు.

మొదటి ఫోన్‌లో కార్యక్రమానికి పిలవొద్దు, పనీ అడగొద్దు. "నేను కొత్తగా వచ్చాను, మీ పేరు రిజిస్టర్‌లో చూశాను, ఇన్నేళ్లు మా వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు, అది మా పొరపాటే" అని చెప్పి ఆగండి. కొందరు కోపంగా మాట్లాడతారు, వాళ్ల దగ్గర ఏదో తేలని గొడవ ఉంటుంది, తమ పేరు తీసేసి ఇంకొకరి పేరు వేశారనో, ఎవరో అందరి ముందు మాట అన్నారనో. మీ ముందువాళ్లని వెనకేసుకురావద్దు, వాళ్ల మీద నింద వేయనూ వద్దు, విని రాసుకోండి. పేరు పోయిన బోర్డు సరిచేయగలిగినదైతే సరిచేయించి, ఫోటో తీసి, అప్పుడు రెండో ఫోన్ చేయండి. ఆ రెండో ఫోన్ ఎప్పుడు చేయాలో తేదీ మాత్రం మొదటి ఫోన్ పెట్టేసిన వెంటనే పట్టికలో రాసేసుకోండి.